వోదోపివెట్స్ వారి ఇంటిపేరు

త్రియెస్తె పైకొండ
1931 ఫిబ్రవరి

ప్రియమైన స్టాంకో అన్నయ్యకు,

నాన్న పోయాడు. మొన్న మంగళవారం పాతిపెట్టాం.

మన కొండలు ఇటలీ చేతికి వెళ్ళాక బడిలో మన స్లొవీన్ మాట తీసేశారు. నువ్వు ఓడెక్కాక ఇంటిపేర్ల మీద పడ్డారు. వోదోపివెట్స్ అంటే నీళ్ళు తాగేవాడు కదా, దాన్ని వాళ్ళ భాషలోకి తిప్పి బెవిలాక్వా అని కాగితం పంపారు. నాన్న దాన్ని పట్టుకుని మునిసిపల్ ఆఫీసుకు వెళ్ళాడు, నేనూ వెంట వెళ్ళాను. బల్ల వెనక ఎవరనుకున్నావ్? పక్క ఊరి కమ్మరి మనవడు తోమాజ్ కొవాచ్. ఇప్పుడు తొమ్మాసో ఫబ్బ్రి గారట.

"ఒరే తోమాజ్, మీ తాత మా గుర్రానికి నాడాలు కొట్టేవాడు. ఈ ఫబ్బ్రి ఎవడ్రా?" అన్నాడు నాన్న.

"కొవాచ్ అన్నా ఫబ్బ్రి అన్నా కమ్మరే కదయ్యా ముసలోడా! నేను మార్చుకున్నా, నువ్వూ మార్చుకో. నిన్నేమన్నా నీళ్ళు మానెయ్యమన్నామా?" అని వాళ్ళ ఇటలీ భాషలోనే అనేసి పగలబడి నవ్వాడు.

నాన్న సంతకం పెట్టలేదు. రైల్వే ఉద్యోగం ఊడింది. రాళ్ళ గనిలో కూలికి వెళ్ళాడు. ఆ చలిగాలికి దగ్గు పట్టుకుని మంచానపడ్డాడు. సమాధి శిలువ మీద బెవిలాక్వా అని తప్ప మరో పేరు చెక్కనివ్వనన్నాడు తోమాజ్. ఏదీ చెక్కించలేదు నేను.

కవరు మీద బెవిలాక్వా అని రాయి. లేకపోతే ఉత్తరాలు వెనక్కి పంపేస్తున్నారు.

నీ చెల్లెలు
జోరా


బ్యూనస్ ఐరిస్
1931 మే

ప్రియమైన చెల్లికి,

ఆ పేరు నా చేత్తో రాయను. అందుకే దీన్ని మనవైపు నావికుడొకడికి ఇచ్చి పంపుతున్నాను.

నీ ఉత్తరం నేను పనిచేసే కబేళాలో చదివాను. ఆ రోజు కొక్కేనికి వేలాడిన ప్రతి ఎద్దూ నాకు తోమాజ్‌లాగే కనిపించింది. వస్తాను. వాణ్ణి ఇంకెవరూ ముట్టుకోకూడదు, వాడు నా వాటా. నువ్వు మాత్రం తొందరపడకు. ఆడపిల్లవి, తల వంచుకుని బతుకు.

మీ అన్నయ్య
స్టాంకో


త్రియెస్తె పైకొండ
1945 జూన్

ప్రియమైన అన్నయ్యకు,

నావికుడు తెచ్చిన ఆ ఒక్కటి తప్ప నీ ఉత్తరమేదీ నాకు అందలేదు. బతికే ఉన్నావని నమ్మి రాస్తున్నాను.

యుద్ధం ముగిసింది. మే నెలలో మన గెరిల్లా సైన్యం దిగి వచ్చి, ఇటలీ తరఫున దొరతనం చేసినవాళ్ళను ఇళ్ళ నుంచి పట్టుకుపోవడం మొదలుపెట్టింది. ఒక ఉదయం మన పెరటి తలుపు తట్టి తోమాజ్ వచ్చాడు. గడ్డం మాసిపోయింది. ఇన్నేళ్ళకు మన మాట మాట్లాడాడు.

"జోరా, నన్ను ఇటాలియన్ అనుకుంటున్నారు. జర్మన్లు మా ఊరు తగలబెట్టారు, నన్ను కొవాచ్‌గా ఎరిగినవాళ్ళలో మిగిలింది నువ్వే. మనవాడేనని ఒక్కమాట చెప్పు, చాలు."

"కూర్చో," అని గిన్నెలో చిక్కుడుగింజల చారు పోశాను. ఆకలిమీదున్నాడు, గబగబా తాగాడు.

సైనికులు వచ్చారు. "ఇతను తెలుసా?" అని నన్నడిగారు.

"తెలుసు. తొమ్మాసో ఫబ్బ్రి గారు. ఆఫీసులో ఇంటిపేర్లు మార్చే అధికారి."

"జోరా! కొవాచ్ అని చెప్పవే!"

"కొవాచ్‌లు నాకు తెలుసు. కొలిమి పని చేసుకుని బతికినవాళ్ళు. ఈయన వాళ్ళలో లేడు."

తీసుకెళ్ళారు. మళ్ళీ రాలేదు. వారం తర్వాత అతని భార్య వచ్చి, "ఏ పేరు చెప్పి వెతకమంటావమ్మా?" అని అడిగింది. గుమ్మంలోనే చాలాసేపు నిలబడి వెళ్ళిపోయింది.

సంతోషం కలుగుతుందనుకున్నాను. కలగలేదు. కానీ సైనికులు రేపు మళ్ళీ అడిగినా అదే చెబుతాను.

వాడికోసం నువ్వు ఓడ ఎక్కనక్కర్లేదు. ఇలాంటి చెల్లెల్ని చూడాలని ఉంటే రా.

జోరా