ట్రామ్ స్టాపులో బెంచీ

అమ్మా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. ఎందుకో ఇక్కడ, జర్మనీలోని మాగ్డెబర్గ్‌లో, సిటీ కౌన్సిల్ మీటింగ్ చూడాలనిపించింది. ఎవరైనా వెళ్ళి గ్యాలరీలో కూర్చోవచ్చట. పెద్ద గొడవలుంటాయనుకున్నాను గానీ, ఒక ట్రామ్ స్టాపులో బెంచీ వెయ్యాలా వద్దా అన్న చర్చే చాలాసేపు నడిచింది. వెయ్యాల్సిందేనని పట్టుబట్టింది కౌన్సిలరైన ఒక పెద్దావిడ. ఆవిడ కోటు ఒళ్ళో పెట్టుకుని వాళ్ళాయన నా పక్కనే కూర్చున్నాడు.

మన దగ్గర గెలిచింది నువ్వు, మీటింగులకు వెళ్ళింది నాన్న. వార్డంతా ఆయన్నే కౌన్సిలర్ సాబ్ అనేది. పొద్దున టిఫిన్ దగ్గర నువ్వు అడిగినవే అక్కడ తన ప్రశ్నలుగా అడిగి వచ్చేవాడు.

ఉండబట్టలేక ఆ పెద్దాయన్ని అడిగాను, "మీరు లోపలికి వెళ్ళి కూర్చోరా?" అని.

ఆయన నన్ను వింతగా చూశాడు. "గెలిచింది ఆమె కదా?" అన్నాడు.

బయటికొచ్చి నాన్నకు ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. అంతా విని మెల్లగా అడిగాడు:

"ఆ బెంచీ మీద పొద్దుమీకి నీడ పడుతదా లేదా వాళ్ళు చూసిన్రా? మీ అమ్మయితే ముందుగాల అదే అడుగుతుండె."