పవర్ లేని కళ్ళజోడు

ముప్పై ఏళ్ళుగా కళ్ళజోళ్ళ షాపు నడుపుతున్న నేను, ఎవరి బలవంతమూ లేకుండా నా చేత్తో రాసుకుంటున్న వీలునామా ఇది. బుద్ధి స్థిమితంగానే ఉంది. మనసే మంగళవారం నుంచి స్థిమితంగా లేదు. కారణం మూడో అంశంలో ఉంది.

1. షాపు, పరీక్ష అద్దాల పెట్టెతో సహా, సర్వహక్కులతో మా అమ్మాయికి చెందాలి. అద్దాలను కట్టుకున్న బట్టతో తుడిస్తే ఊరుకోను. పోయాక కూడా ఊరుకోను.

2. టీవీ మా బావకు. సీరియల్ కామెంట్లలో తొమ్మిదేళ్ళుగా నేను ఒంటరిగా పోట్లాడుతుంటే, ఈయనగారు నా శత్రువు కామెంటుకు లైకు కొట్టారు. వేలు తగిలిందన్నారు. నేను నమ్మలేదు. కనుక రిమోటు మా అక్కకు.

3. ఆ శత్రువు అక్కడ పెట్టుకున్న పేరు ‘గడియారం’. నా పేరు ‘నాలుగుకళ్ళు’. తగువు ఒక్కటే. సీరియల్లో మామగారి ఉత్తరాన్ని మరిది కాల్చేస్తుంటే పెద్దకోడలు చూసిందా, లేదా? చూసిందని అతను. కళ్ళజోడు తీసేసి గదిలోకి వచ్చిన మనిషికి ఎలా కనబడుతుందని నేను. సీరియల్ అయిపోయి ఆరేళ్ళయినా మేము ఆపలేదు.

మంగళవారం ఒకావిడ, చదువుకోవడానికి కళ్ళజోడు కావాలని వచ్చింది. ఏం చదవాలో చూపించమంటే ఒక పాత నోటుబుక్కూ, ఫోనూ బల్ల మీద పెట్టింది. ఫోనులో ఉన్నది నా కామెంటు.

“మావారు వాచీలు బాగుచేసేవారండీ. పోయి రెండేళ్ళయింది. ఈ నాలుగుకళ్ళాయనకి చెప్పాల్సిన జవాబులన్నీ ముందే ఇందులో రాసిపెట్టుకున్నారు. ఈయన గిల్లినప్పుడల్లా ఒకటి ఎక్కిస్తున్నాను. ఇంకా పదకొండున్నాయి. ఈ మొండిమనిషి రాస్తున్నన్నాళ్ళూ మావారు ఇంట్లో ఉన్నట్టే ఉంటుంది” అంది.

నేనెవరినో చెప్పలేకపోయాను. రెండేళ్ళ కిందట అతను వారంపాటు జవాబివ్వకపోతే, “నోరు పడిపోయిందా?” అని రాసింది నేనే. ఆ వారమే అతను పోయాడట. ఆమె ఎక్కించిన మొదటి జవాబు దానికే. సిగ్గుగా ఉంది. ఆమె అద్దాలు మాత్రం నేనే కూర్చుని అరగదీశాను.

4. నా ఫోనూ, పాస్‌వర్డూ మా అమ్మాయికి. ఆ పదకొండు జవాబులూ అయ్యేదాకా నా పేరుతో, నా పొగరుతోనే గిల్లుతూ ఉండాలి. జాలి చూపించకూడదు. ఒక్క ముక్క కూడా ఒప్పుకోకూడదు.

5. నోటుబుక్కు అయిపోయాక మాత్రం ఇది రాయాలి: “గడియారం గారూ, మీరే నెగ్గారు. పవరున్న కళ్ళజోడు పెట్టుకున్న మనిషిని ఎదురుగా చూస్తే, అద్దం వెనక చెంప అంచు పక్కకు జరిగినట్టు కనబడుతుంది. పెద్దకోడలికి జరగలేదు. అది ఉత్త గాజు. మొదటి రోజే కనిపెట్టాను, ఓడిపోతానని దాచాను. కళ్ళజోడు తీసేసినా ఆమె అంతా చూసింది.”

దానికి జవాబంటూ వస్తే, అది నోటుబుక్కులోది కాదు, ఆమె సొంత మాట. ఎంత తిట్టినా ఎదురు చెప్పవద్దు.

తేదీ: మార్చి పద్నాలుగు, శనివారం.

సంతకం: నాలుగుకళ్ళు, అనగా మీ నాన్న.

సాక్షులు:
పక్క షాపు దర్జీ. చదవకుండా సంతకం చేశాడు.
మా షాపులో అద్దాలు అరగదీసే పనివాడు. మొత్తం చదివి సంతకం చేశాడు. ఆ ఉత్త గాజు సంగతి తనకూ మొదటినుంచీ తెలుసట. నేను బాధపడతానని చెప్పలేదట.