కుడికాలు ఒకటి కావాలి

హాల్వర్సన్ గారికి నమస్కారం.

మీ దగ్గర ఆటగాళ్ల గాయాలు చూడటంలో పీజీ చేస్తున్న ఎల్డన్ భార్యను నేను. ఎదురుపడితే నాకు నోరు పెగలదు, అందుకే రాస్తున్నాను.

శుక్రవారం ఆయనకు పరీక్ష, బెణక్కుండా ఆటగాడి చీలమండకు టేపు చుట్టాలి. ఏ కాలికి చుట్టమంటారో మీ ఇష్టమట. తప్పితే ఇంకో ఏడాది చదవాలి. ఇన్నాళ్లూ ఆయన నా ఎడమకాలి మీదే నేర్చుకున్నారు, కుడి పాదం ముట్టుకుంటే నాకు చక్కిలిగింత. నిన్న పట్టుబట్టి కుడికాలు అందుకున్నారు.

"కదలకే!"

"నేనెక్కడ కదిలాను, అదే కదులుతోంది!"

"ఫుట్‌బాల్ వాళ్లు ఇలా నవ్వుతారా?"

"వాళ్లకి నువ్వు మొగుడివి కాదుగా!"

అప్పుడే తన్నాను. తలుపు తగిలి ముక్కు వాచిందని మీతో చెప్పారట, ఆ తలుపును నేనే.

గురువారం మా ఇంటికి భోజనానికి రండి, తీపికి ఆపిల్ పై చేస్తాను. మంచులో జారి కుడికాలు బెణికిందని ఆయనతో చెప్పి, గంటసేపు ఆ కాలు ఆయన చేతికివ్వండి. నేను రాశానని మాత్రం చెప్పకండి.

వెంట్రుకలుంటే టేపు అంటుకోదట. కాబట్టి మోకాలి కిందంతా నున్నగా గీసుకుని రండి. బెణికిన కాలు ముందే ఎందుకు గీసుకున్నారని ఆయన అడిగితే ఏం చెప్పాలో మీరే ఆలోచించుకోండి.

మీ శిష్యుడి భార్య