పెళ్ళికి ఊదే నోరు

మే 18, 1997

ఏడిదలో పెళ్ళి. నాన్న సన్నాయి, నేను రెండో సన్నాయి, బాబాయి డోలు. ఎదురుకోలు దగ్గర నాన్నకి గాలి జారిపోయింది. ముందుపళ్ళు రెండూ కదులుతున్నాయి మరి. నేను అందుకుని లాగించేశాను. ఎవరికీ తెలియలేదు. తిరిగొచ్చేటప్పుడు ట్రాక్టరులో నాన్న నాకు వీపు పెట్టి కూర్చున్నాడు. సాయం చేసినవాడి మీద కోపమేమిటో...

మే 24

కడియం వెళ్ళాను. నాకు క్లారినెట్ నేర్పే మాస్టారు మిలటరీ బ్యాండులో జుట్టు నెరిసేదాకా పనిచేసి వచ్చి, ఇప్పుడు నర్సరీలో మొక్కలకి నీళ్ళు పట్టిస్తున్నారు. గులాబీ అంట్ల మధ్య స్టూలేసి కూర్చోబెట్టారు. నా చేతిలో ఆయన పాత క్లారినెట్. "స్వరాన్ని ఊపకయ్యా. నిలబెట్టు. అటెన్షన్‌లో ఉన్నట్టు ఉండాలి." మా ఇంట్లో ఊపకపోతే తిడతారు. ఇక్కడ ఊపితే తిడుతున్నారు.

ఎందుకింత అవస్థ అంటే — పెళ్ళిలో మమ్మల్ని ఎవరూ వినరు. భోజనాల పిలుపు వస్తే పందిరి ఖాళీ. మాస్టారి బ్యాండు వాయిస్తుంటే పెద్ద పెద్ద ఆఫీసర్లు కూడా కదలకుండా నిలబడేవారట. నాకూ అలా నిలబడి వినేవాళ్ళు కావాలి. మిలటరీలో చేరాలి. అంతే.

మే 25

పెరట్లో ఊపకుండా ఊదాను. వంటింట్లోంచి అమ్మ — "ఏంట్రా, మిల్లు సైరనా?"

జూన్ 9

మిలటరీ సంగతి నాన్నకి చెప్పేశాను. అన్నం ముందు చెప్పడం తప్పయింది. మజ్జిగన్నం కలుపుతూ, "అక్కడ చావుకి కూడా ఊదిస్తారా?" అన్నాడు.

ఊదిస్తారు. సిపాయి పోతే శవం ముందు బ్యాండు నడుస్తుంది. మాస్టారు చెప్పిందే చెప్పాను.

"పెళ్ళికి ఊదే నోరురా ఇది."

తెలుసు. చావు మేళం వాళ్ళు వేరు, మేము వేరు. దారిలో శవం ఎదురైతే సన్నాయి సంచిలో పెట్టేస్తాం. తాత నాటి నుంచీ ఇంతే.

"వెళ్తే వెళ్ళు, ఆపను. కానీ అది ఒక్కసారి ఊదావంటే, మళ్ళీ నా పక్కన కూర్చుని సన్నాయి పట్టకు." అరిచి ఉంటే బాగుండేది. మెల్లిగా అన్నాడు.

జూన్ 10

అన్నం సయించలేదు.

జూన్ 21

ఆ చావు పాట లేకుండా మిలటరీ బ్యాండు ట్రయల్ అవ్వదా అని మాస్టారిని అడిగాను. "చచ్చినవాడికి తోడుగా నాలుగడుగులు వేసేవాడు ఉండాలి కదయ్యా" అన్నారు. ఈయన మాటా నిజమే, నాన్న మాటా నిజమే. అదే నా ఖర్మ.

పాట నేర్చుకున్నాను. నర్సరీలోనే. ఇంటికి తేలేదు.

జూలై 15

సికింద్రాబాద్. ఆషాఢం కాబట్టి పెళ్ళిళ్ళు లేవు. నాన్న దగ్గర సెలవు అడిగే పని తప్పింది. పరుగు — పాస్. ఛాతీ — పాస్. రేపు వాయిద్యం.

జూలై 16

పరువు పోయింది.

మార్చ్ పాట ఊదుతున్నాను, బాగానే నడుస్తోంది. ఎదురుగా కుర్చీలో సుబేదారు గారు చూపుడు వేలు పైకెత్తారు. అంతే — నా ప్రమేయం లేకుండానే వేళ్ళు పరుగందుకున్నాయి. గట్టిమేళం. పెళ్ళిలో పురోహితుడు వేలెత్తితే తాళి కడుతున్నారని అర్థం. తుమ్ము గానీ ఏడుపు గానీ ఎవరి చెవినా పడకూడదు, ఉన్న ఊపిరంతా ఊదెయ్యాలి. పాలు తాగే వయసు నుంచీ చూస్తున్నది అదే. ఆయనేమో ఆపమంటున్నారు. ఆయన వేలు ఊపినకొద్దీ నేను జోరు పెంచాను. చివరికి లేచొచ్చి క్లారినెట్ పట్టుకున్నారు.

వరసలో ఉన్నవాళ్ళు పడీ పడీ నవ్వారు. తెలుగు హవల్దారు ఒకాయన, "ఏంటయ్యా, పిచ్చా?" తాళి సంగతి చెప్పాను. ఆయన హిందీలో చెబితే సుబేదారు గారు కూడా నవ్వారు. నవ్వడం అయ్యాక ఏదో అడిగారు. హవల్దారు తెలుగులో — "పెళ్ళి అయింది. మరి శవం ముందు ఏం ఊదుతావు అంటున్నారు."

ఊదాను. మెల్లిగా, ఊపకుండా. నవ్విన వాళ్ళందరూ నిలబడిపోయారు. ఒక్కడు కదిలితే ఒట్టు. అంత బాగా నేను ఎప్పుడూ ఊదలేదు. ఊదుతున్నంతసేపూ నాన్న మాట గుర్తే రాలేదు. ఎందుకు రాలేదా అని ఇప్పుడు భయం వేస్తోంది.

జూలై 19

ఇల్లు. గుమ్మంలోనే నాన్న — "ఊదించారా?"

"ఊదించారు."

తువ్వాలు భుజాన వేసుకుని బయటికి వెళ్ళిపోయాడు.

ఆగస్టు 8

శ్రావణం, మళ్ళీ పెళ్ళిళ్ళు. నాకు సన్నాయి లేదు. శ్రుతిపెట్టె ఇచ్చాడు. తిత్తి ఆడిస్తూ కూర్చోవడమే, మా ఇళ్ళల్లో పాలపళ్ళ వాళ్ళకి ఇచ్చే పని. "ఏంటన్నయ్యా ఇది, వచ్చినవాణ్ణి పక్కన పెట్టి..." అన్నాడు బాబాయి. నాన్న వినిపించుకోలేదు. ఆయన పన్ను ఒకటి ఊడింది. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను.

ఆగస్టు 14

కోరుకొండలో పెళ్ళి. సరిగ్గా తాళి వేళకి నాన్న రెండో పన్ను కూడా ఊడొచ్చింది. గాలి తప్ప సన్నాయి పలకలేదు. రెండో సన్నాయి సంచిలో, నా మోకాలి పక్కనే. సంచి మీద చెయ్యి వేసి నాన్న వైపు చూశాను. తల అడ్డంగా ఊపాడు. డోలు ఒక్కటే మోగింది. చేతులు పడిపోయేలా వాయించాడు బాబాయి. ఆ సందులో ఎవరి చంటిదో గుక్కపట్టి ఏడ్చింది. పెళ్ళికూతురి తల్లి ముఖం మాడిపోయింది.

నాకు ఏడుపొచ్చింది. నాన్న మీద కోపంతోనో, జాలితోనో తెలియలేదు.

ఆగస్టు 15

పెళ్ళివారు ఏమీ అనలేదు. వచ్చే వారం వాళ్ళ తమ్ముడి ఇంట్లో పెళ్ళికి మాత్రం వేరే మేళం చెప్పుకున్నారట.

ఆగస్టు 22

మాస్టారు బస్సు దిగి నేరుగా ఇంటికే వచ్చారు. సెలెక్టయ్యాను. సెప్టెంబరు మొదట్లో చేరాలి. అమ్మ ఆయనకి కాఫీ ఇచ్చి లోపలికెళ్ళి కళ్ళొత్తుకుంది. నాన్న, "సంతోషం అండి" అన్నాడు. ఎంత కోరుకున్నాను ఈ కబురు... ఒక్కటంటే ఒక్క నవ్వు రాలేదు నాకు.

ఆగస్టు 23

పొద్దున్నే నాన్న అరుగు మీద చాప వేసుకుని కూర్చున్నాడు.

"అక్కడ ఊదావే, అది ఊదు. విందాం."

ఏది అని అడిగాను, తెలిసీ.

"చావుది."

అమ్మ పరుగెత్తుకొచ్చింది. "శ్రావణమాసం పూట, దీపం పెట్టిన ఇంట్లో ఏంటండీ ఇది?"

నాన్న ఆవిడ వైపు చూడలేదు. ముందుపళ్ళు లేని నోట మాట సగం గాలిలో కలిసిపోతోంది. "నేను పోయినరోజున వాడికి సెలవు దొరుకుతుందో లేదో. ఇప్పుడే వినేస్తాను."

క్లారినెట్ బిగించాను. పెదవులు తడారిపోయాయి. మంచినీళ్ళు తాగొస్తానని లోపలికొచ్చి ఇది రాస్తున్నాను. అమ్మ దేవుడి గది తలుపులు మూసేసింది. నాన్న ఇంకా చాప మీదే ఉన్నాడు. ఒకసారి పిలిచాడు కూడా.