కనుమ మలుపు దగ్గరి గడ్డిచేను

పిరెనే కొండల్లోని సెర్వియాస్ గ్రామంలో 1943లో పుట్టి, అదే ఇంట్లో ఉంటున్న, పెళ్లి చేసుకోని, పిల్లలు లేని ఎలియెట్ లాక్రాంప్ అనే నేను, నోటరీ ఫాబ్రెగ్ గారి గదిలో, ఇద్దరు సాక్షుల ఎదుట చెప్పి రాయిస్తున్న వీలునామా ఇది. మోకాళ్లు చెడ్డాయి గానీ బుద్ధి స్థిమితంగానే ఉంది. ఇది ఎవరి బలవంతం మీదా రాయించడం లేదు. బలవంతపెట్టి చూసినవాడు ఒకడున్నాడు, అతని సంగతి మూడో అంశంలో వస్తుంది. ఇంతకుముందు నేను రాసిన కాగితాలేవైనా ఉంటే అవి ఇక చెల్లవు. అమలు బాధ్యత నోటరీ గారిది.

1. ఇల్లు, పశువుల కొట్టం, కొట్టం మీద సెలవులకు వచ్చేవారికి అద్దెకిచ్చే రెండు గదులు, చనిపోయిన నా తమ్ముడు బెర్నా కొడుకు రెజీస్‌కు చెందాలి. వచ్చినవాళ్లతో అతను బాగా మాట్లాడతాడు. ఏ శిఖరం మీద ఎండ ఎప్పుడు పడుతుందో, గొర్రెల మందలు కొండ దిగే పండుగ ఏ వారమో విసుక్కోకుండా వందసార్లు చెబుతాడు. నాకది చేతకాదు. ఒక్క షరతు: పొద్దుటి ఫలహారంలో మన గొర్రెపాల చీజే పెట్టాలి, పొట్లాల్లో వచ్చేది పెట్టకూడదు. పెడితే ఏమవుతుందని అడగకండి, చూడడానికి నేనుండను.

2. మెట్ల గోడకున్న పద్దెనిమిది బొమ్మలను లియోన్ నగరం నుంచి వచ్చే టీచరు బ్లాందీన్ వాస్యే గారికి తిరిగి పంపాలి. ఆమె ఏటా వేసవిలో వచ్చి ఒకే శిఖరం గీసి, వెళ్లేటప్పుడు నాకిచ్చిపోయేది. శిఖరం ఎడమ వాలు ఒక్కసారీ కుదరలేదు. ఆ సంగతి ఆమెకూ తెలుసు, అందుకే మళ్లీ వచ్చేది. బొమ్మలతోపాటు నా గడ్డిటోపీ కూడా ఆమెకే. ఎండలో ఉత్త తలతో కూర్చుంటుంది.

3. కనుమ మలుపు దగ్గరి గడ్డిచేను, రెండు హెక్టార్లు, రాతి నీళ్లతొట్టితో, దారి హక్కుతో సహా, రెజీస్ చెల్లెలు మైలిస్‌కు చెందాలి. నాలుగో అంశంలో చెప్పిన మనిషి బతికున్నంత కాలం ఆమె దాన్ని అమ్మకూడదు.

ఈ చేను తనకే వస్తుందని రెజీస్ అనుకున్నాడు కాబట్టి కారణం రాయిస్తున్నాను. టూర్ ద ఫ్రాన్స్ సైకిల్ పందెం మా కనుమ ఎక్కే ఏడు, జనం మూడు రోజుల ముందే బళ్లతో వచ్చి ఈ చేలో దిగుతారు. నేను దిగువ సగం ముందుగా కోయించి చోటిస్తాను. గేటు మూయమని తప్ప వాళ్లను ఏమీ అడగను. ఈ మేలో రెజీస్ ఒక విహారయాత్రల కంపెనీ మనిషిని తెచ్చి చేను కొలిపించి మేకులు కొట్టించాడు. పందెం కూర్చుని చూడడానికి మెట్ల వరుసలు కడతారట, భోజనంతో కలిపి టికెట్లు అమ్ముతారట. "అత్తా, గడ్డి కోసి ఎవడు బాగుపడ్డాడు చెప్పు? నువ్వు ఊ అను చాలు" అన్నాడు. అది నిజమే, ఎవరూ బాగుపడలేదు. మరి ఇన్నేళ్లుగా వచ్చేవాళ్ల మాటేమిటన్నాను. "నీ బ్రెటన్ ముసలాయన కూడా టికెట్టు కొనుక్కుంటాడులే" అని నవ్వాడు. ఆ సాయంత్రమే మేకులు పీకేశాను. అవి కొట్టంలో గోనెసంచిలో ఉన్నాయి. కంపెనీవాళ్లు అడిగితే ఇచ్చేయండి.

4. ఆ ముసలాయన పేరు గుల్వెన్ ల దాంతెక్. దేశానికి పడమటి అంచున, బ్రెటన్ తీరంలో పడవలు బాగుచేసి రిటైరయ్యారు. నీళ్లతొట్టి పక్కన ఎనిమిది మీటర్ల పొడవు, నాలుగు మీటర్ల వెడల్పు చోటును ఏటా జూలైలో మూడు రోజులు, పందెం మా కనుమకు వచ్చినా రాకపోయినా, బతికినంత కాలం ఆయన ఉచితంగా వాడుకోవచ్చు. చేను ఎవరి చేతికి మారినా ఈ హక్కు చెల్లుతుంది.

"రాకపోయినా" అన్న మాట అనవసరమేమో అన్నారు నోటరీ గారు. ఉంచమన్నాను.

ఆయన మొదట 1994లో భార్య ఆన్నాయిగ్‌తో వచ్చారు. ఆ ఏడు మా బెర్నా నామీద కోపంతో, పందెం ముందు రోజు చేనంతా పచ్చిపేడ చల్లించాడు. అందరూ ముక్కులు మూసుకుని బళ్లు తీశారు. ఈయన మాత్రం కుర్చీ వేసుకుని, "మా రేవులో చేపల కంపు ముందు ఇది అత్తరండీ" అన్నారు. బెర్నాను ఆ పనికి నేను క్షమించలేదు. పోయినవాడు కదా అని ఇప్పుడూ క్షమించడం లేదు.

2006 చలికాలంలో ఆన్నాయిగ్ పోయింది. మరుసటి జూలైలో పందెం దారి మారి ఇటు రాలేదు. చేలో ఎవరూ లేరు. ఆయన బండి మాత్రం వచ్చింది. "ఈ ఏడు ఇటు రాదండీ, పేపరు చూడలేదా?" అన్నాను. "చూశాను" అన్నారు. కాసేపటికి, "గడ్డి పోగుచేసే దంతె మీ దగ్గర ఇంకోటి ఉందా?" అని అడిగారు. మూడు రోజులు నాతోపాటు ఎండుగడ్డి పోగుచేశారు. దంతె పట్టడం ఆయనకు రాదు. ఇప్పటికీ రాలేదు.

5. జూలై పద్నాలుగు జాతీయ పండుగ భోజనాలకని 1981లో ఊరి కార్యాలయం వాళ్లు తీసుకెళ్లిన నా రెండు పొడవాటి బల్లలు ఇక తిరిగి ఇవ్వనక్కర్లేదు. నలుగురు మేయర్లు మారారు, నలుగురూ రేపే పంపిస్తామన్నారు.

6. సాక్షుల గురించి ఒక మాట. నేను గుల్వెన్ గారినే సాక్షిగా వెంటబెట్టుకొచ్చాను. నన్ను కారులో తీసుకొచ్చింది ఆయనే. పందెం అయిపోయినా ఈ పని కోసం ఊళ్లో ఆగారు. మొదలుపెట్టే ముందు నోటరీ గారు, "వీలునామాలో ఏదైనా పొందేవారు సాక్షిగా ఉండకూడదమ్మా. ఈయనకేమైనా ఉందా?" అని అడిగారు. ఉందన్నాను. గుల్వెన్ గారు లేచి, "నాకేమీ వద్దండీ, అది కొట్టేయండి, సంతకం పెట్టేస్తాను" అన్నారు. "మిమ్మల్ని ఎవరడిగారు? బయట కూర్చోండి" అన్నాను. ఎదురు వీధిలోంచి వేరే ఇద్దరిని పిలిపించారు.

ఆయన కిటికీ అవతల బెంచీ మీద కనిపిస్తున్నారు. ఏదో రాయించానని తెలిసిపోయింది, ఏమిటన్నది తెలియదు. దారిలో అడుగుతారు, చెప్పను. నేను చచ్చేదాకా ఇది ఆయనకు చెప్పవద్దని నోటరీ గారినీ సాక్షులనూ కోరుతున్నాను. వచ్చే జూలైలో ఎప్పటిలాగే వాకిట్లోకి వచ్చి, తొట్టి పక్కన బండి ఆపుకోవచ్చా అని ఆయన నన్నే అడగాలి.

చదివి వినిపించగా విని, నేను చెప్పినట్టే ఉందని ఒప్పుకుని సంతకం చేశాను.

2022 జూలై 26
ఎలియెట్ లాక్రాంప్

సాక్షులు:
ఒడీల్ పుజో, రొట్టెల దుకాణం
ఫెర్నాన్ అబాది, రిటైర్డ్ పోస్టుమాన్