మావయ్య గేటు తీసిన రోజు

రెథిమ్నో, క్రీట్
సెప్టెంబరు 9

పూజ్యుడైన అన్నయ్యకు,

నీ కుడిచేతిని కళ్ళకద్దుకుని చెల్లెలు రొదాంతి రాస్తున్నది. ఇక్కడ అమ్మా నేనూ క్షేమం. ఆథోస్ కొండమీద, నీ మఠంలో, నిన్ను ఫాదర్ ఇయెరోథియోస్ అంటారని తెలుసు. నా నోటికి మాత్రం మనూసోస్ అన్నయ్యా అనే వస్తుంది. దేవుడు సర్దుకుంటాడులే.

ప్సిలోరీతిస్ కొండమీద మంటలు లేచాయని ఈపాటికి నీకెవరో చెప్పే ఉంటారు. కంగారుపడకు. ఆ రోజు నేను జీపుతో పైనే ఉన్నమాట నిజమే కానీ నాకు గాని, నా బండిలోవాళ్ళకు గాని చిన్న గీత కూడా పడలేదు. అది ముందు చెప్పేస్తే మిగతాది నువ్వు స్థిమితంగా చదువుతావని రాస్తున్నాను.

ఆ వేళ నా బండి ఎక్కింది పోలండ్ నుంచి విహారానికి వచ్చిన కుటుంబం. భార్యాభర్తలు, ఎదిగిన కూతుళ్ళిద్దరు. పెద్దాయనకి ఎత్తులంటే భయం. లోయ కనిపించిన ప్రతి మలుపులోనూ కళ్ళు మూసుకునేవాడు, కూతుళ్ళు నవ్వేవారు. రాళ్ళదారిన కాపరుల పాకలన్నీ తిప్పి, మధ్యాహ్నం పై ఊళ్ళో కల్లియోపి కాఫీకొట్టు దగ్గర ఆపాను. మేకమాంసం, దాని మీద రకీ సారా. రకీ లోపలికి దిగాక పెద్దాయన భయం కూడా దిగిపోయి, పాట అందుకున్నాడు.

తిరుగుదారిలో పొగ వాసన కొట్టింది. గాలి చాలా విసురుగా ఉంది. ఊరి చివర మలుపులో ఫైరింజన్ నిలబడి ఉంది. కింది దారి మూసేశారని తెలిసింది. ఇక మిగిలింది ఒకటే దారి, స్త్రాతిస్ మావయ్య మేతభూమిలోంచి పోయేది. అమ్మ పుట్టింటి పంపకాల్లో నాన్నతో కోర్టుకెక్కాక మావయ్య మన గడప తొక్కలేదు కదా. నాన్నను పూడ్చిననాడు కూడా రాలేదు. దారికి అడ్డంగా ఇనుపగేటు పెట్టి తాళం వేసుకున్నాడు.

హారన్ కొడితే కర్ర పట్టుకుని వచ్చాడు.

"ఎవరి పిల్లవే నువ్వు?" అన్నాడు, నన్ను బాగా ఎరిగుండీ.

"నీ చెల్లెలు ఫోతీని కూతుర్ని" అన్నాను.

"నాకు చెల్లెళ్ళెవరూ లేరు. మీ నాన్న గెలుచుకున్న దారి కిందుందిగా, అందులోంచి పో."

"అటంతా పొగే మావయ్యా. వెనకాల పరాయివాళ్ళ పిల్లలున్నారు. నామీద కోపం రేపు తీర్చుకుందువు గాని."

ఆయన జీపు దగ్గరికి వచ్చి, వంగి, లోపలికి చాలాసేపు చూశాడు. తర్వాత నడికట్టులోంచి తాళంచెవి తీశాడు. గేటు తియ్యడమే కాదు, గొర్రెల్ని అదిలిస్తూ తారురోడ్డు దాకా మాముందు నడిచాడు. ఆ పోలండ్ తల్లి నా భుజం పట్టుకుని ఏడ్చేసింది. రోడ్డెక్కాక, అమ్మకివ్వమని గుడ్డలో కట్టిన గొర్రెపాల చీజ్ నా చేతిలో పెట్టి, వెనక్కి తిరిగాడు.

సాయంత్రానికి విమానాలు సముద్రపు నీళ్ళు పోశాయి, గాలి కూడా పడిపోయింది. ఒక్క ఇల్లూ కాలలేదు. హోటల్ దగ్గర దిగాక పెద్దాయన నేలను ముద్దుపెట్టుకున్నాడు. వాళ్ళు లోపలికి వెళ్ళాక, స్టీరింగు మీద తల వాల్చి అలాగే కూర్చుండిపోయాను. ఎంత తేలికపడ్డానో చెప్పలేను.

మర్నాడు మావయ్య అమ్మకు ఫోన్ చేశాడు. చీజ్‌లో ఉప్పెక్కువైందా అని అడగడానికట. ఆ ఉప్పు సంగతి మీదే అన్నాచెల్లెళ్ళు పొద్దెక్కేదాకా మాట్లాడుకున్నారు. అమ్మ గుండె బాగుందని డాక్టరు అన్నాడు. నువ్వు వద్దన్నావు గనుక అమ్మ కొండదారుల జోలికి పోవడం లేదు.

ఇట్లు,
నీ ప్రార్థనల్లో కాస్త చోటు కోరే
రొదాంతి

తా.క. అమ్మ ఇంతవరకూ చదివి, కవరు అంటించెయ్యమని చెప్పి, చర్చికి వెళ్ళింది. ఇప్పుడు అసలు సంగతి. ఆ రోజు ముందు సీట్లో నా పక్కన కూర్చున్నది అమ్మే. కొండెక్కనని నువ్వు ఒట్టు వేయించుకున్నావు కనుక రాయొద్దంది. మావయ్య వంగి చూసింది ఆవిడనే. "ముసలిదానివైపోయావే" అన్నాడు. "నీ పళ్ళేవిరా?" అంది అమ్మ. అప్పుడు తీశాడు తాళంచెవి.

ఇంకొకటి. నేను వెనక టార్పాలిన్ కడుతుంటే ఫైరింజన్ ఆయన అమ్మ కిటికీ దగ్గరికే వచ్చి చెప్పి వెళ్ళాడు. దారి మూసేశారని నాకు చెప్పింది అమ్మే. ఇవాళ సంతలో ఆయన కనిపించి, "పై దారిన ఎందుకు పోయారమ్మా? కింది దారి బాగానే ఉంది, నెమ్మదిగా పొమ్మని మీ అమ్మకి చెప్పానుగా" అన్నాడు.

ఇంటికొచ్చి నిలదీశాను. బెండకాయలు తరుగుతున్నది తలైనా ఎత్తలేదు.

"ఊరికే వెళ్ళి తియ్యమంటే తీస్తాడా? వాడికీ ఒక సాకు కావాలి కదే" అంది.