ఎస్కేప్ మీట మీద వేలు

ప్రియమైన అక్కకు,

ముందు బావతో ఒక మాట. బావా, నా మెయిళ్ళు అక్కకు చదివి వినిపించేది మీరే కాబట్టి చెబుతున్నాను. అక్క బాధపడుతుందనుకున్న వాక్యాలు మీరు మింగేస్తారని నాకు తెలుసు. పోయినసారి నేను రాసినదానికీ, అక్క మీచేత రాయించిన జవాబుకీ పొంతనే లేదు. ఈసారి ఉన్నదున్నట్టు చదవండి. ఇది మింగితే అరిగే రకం కాదు.

అక్కా, నీ కళ్ళకు వచ్చిందే నాకూ వచ్చింది. ఏడాది దాటింది. చూపుకు సరిగ్గా నడుమ మసక. ఎదుటి మనిషి భుజాలు కనబడతాయి, మొహం కనబడదు. పేజీ అంచులు కనబడతాయి, అక్షరాలు కనబడవు. నీకు నేను వేరే చెప్పాలా. డాక్టరు కూడా ఇది మీ ఇంటి సొత్తేనమ్మా అన్నాడు. పూర్తిగా చీకటి అయిపోదట, అలాగని పోయింది తిరిగి రాదట. చిన్నప్పుడు ఏది పంచినా నీకే ఎక్కువ పెట్టారని సణిగేదాన్ని కదా, ఇందులో మాత్రం సమానంగా వాటా దక్కింది. నువ్వు నవ్వకపోయినా ఫరవాలేదు గానీ, నేను ఏడవదలుచుకోలేదు.

నా పనేమిటో నీకు తెలుసు. నీళ్ళ మోటార్ల కంపెనీలో ఫిర్యాదుల విభాగం. మోటారు మూలుగుతోందని ఒకరు, నీళ్ళు పైకి ఎక్కడం లేదని ఒకరు, మీ కంపెనీ మూతపడిపోను అని ఒకరు రాస్తారు. ఎవరికి ఏం కావాలో కనిపెట్టి జవాబివ్వాలి. రాయడానికి కళ్ళు అక్కర్లేదు, నా వేళ్ళకు మీటలు కంఠతా వచ్చు. చదవడమే కష్టం. దానికీ ఒక ఉపాయం దొరికింది. కుట్టుమిషనుకు అదనపు పాదం తగిలించినట్టు మా మెయిలు ప్రోగ్రాముకు ఒక చిన్న యాడ్-ఆన్ తగిలిస్తే, వచ్చిన మెయిలును అది పైకి చదువుతుంది. నేను ఇయర్‌ఫోను పెట్టుకుని వింటాను. ఆఫీసు హాల్లో అందరూ నన్ను పాటల పిచ్చిదాన్ననుకుంటారు. అనుకోనీ.

మొన్న ఆ మెయిలు ప్రోగ్రాము దానంతటదే కొత్త వెర్షనుకు మారింది. యాడ్-ఆన్‌కు నోరు పడిపోయింది. తెరమీద ఏదో కనబడితే, అక్షరాలు పెద్దవి చేసి, ఓరచూపుతో ముక్కముక్కగా కూడబలుక్కున్నాను. ఈ యాడ్-ఆన్ కొత్త వెర్షనుకు సరిపోదు, అందుకే ఆపేశాం అని ఉంది. అప్పటినుంచి మెయిళ్ళన్నీ ఇలాగే కూడబలుక్కుంటున్నాను. పని కుప్ప పడుతోంది.

కంప్యూటర్లు చూసే ఆయన ఒకడున్నాడు. ఏం చెప్పినా 'ఓసారి రీస్టార్ట్ చెయ్యండి' అంటాడని ఆయన్ని రీస్టార్ట్ గారు అంటాం. మంచివాడే. కానీ పిలిస్తే 'ఇది మీకెందుకండీ' అంటాడు. అప్పుడు నా కళ్ళ సంగతి చెప్పాలి. చెబితే మధ్యాహ్నానికల్లా మేనేజరమ్మకు తెలుస్తుంది. ఆవిడా మంచిదే. నా భయమంతా ఈ మంచివాళ్ళతోనే.

మీ బడి హెడ్‌మాస్టరూ మంచివాడే కదా. నువ్వు పాఠం చెబుతుండగా లోపలికొచ్చి, నీ చేతిలో సుద్దముక్క తీసుకుని, 'అమ్మా, ఇక మీరు శ్రమపడకండి' అన్నాడట. నువ్వు చెబుతున్న వాక్యం సగంలో ఉందట. ఇది నీ పక్క క్లాసు టీచరు నాకు చెప్పింది. తర్వాత నిన్ను విరిగిన బల్లలుండే గదిలో కూర్చోబెట్టారు. విసుగొచ్చి మానేశానని నువ్వు అందరితోనూ అన్నావు. నేను నమ్మలేదు.

అందుకే ఎవర్నీ అడగను. తాడో పేడో నేనే తేల్చుకుంటాను. ఈ యాడ్-ఆన్ నోరు తెరిపించలేకపోతే నా కుర్చీ పోతుంది. పొట్టివాడికి పుట్టెడు బుద్ధులని నువ్వే అంటావుగా, చూద్దాం.

నీ పొట్టి

*

అక్కా,

బావ ఈసారి మింగలేదని నీ జవాబు చూస్తేనే తెలిసింది. 'దాచకు, చెప్పెయ్యి' అని రెండే ముక్కలు రాయించావు. కోపం తెచ్చుకోకు గానీ, చెప్పి నీకేం ఒరిగింది? చెప్పినందుకే కదా నిన్ను బల్లల గదికి పంపారు. నేను చెప్పను. చెప్పే అవసరమూ లేదు, ఎందుకంటే గొంతు వచ్చేసింది.

నాచేత మూడు చెరువుల నీళ్ళు తాగించాకే వచ్చిందనుకో. ఆ యాడ్-ఆన్‌ను కొత్త వెర్షనుకు సరిపోయేలా ఎవరో పుణ్యాత్ములు మార్చి పెట్టారు. బ్రౌజరులో ఆ పేజీ తెరిచి నొక్కాను. ఫైలు పాడైనట్టుంది, ఎక్కించలేం అంది. మళ్ళీ నొక్కాను, మళ్ళీ అదే. ఇంటికెళ్ళి అక్కడి కంప్యూటరులో చూసినా అదే పాట. ఫైలు చేసినవాణ్ణి తిట్టిపోశాను, పాపం. చివరికి తేలిందేమిటంటే, మా బ్రౌజరూ మెయిలు ప్రోగ్రామూ ఒకే ఇంట్లో పుట్టిన అన్నదమ్ములు. తమ్ముడి చొక్కాను అన్న తొడుక్కోబోయి, పట్టక, చొక్కాయే చిరిగిందని గోల పెడుతున్నాడు. దాన్ని ఊరికే నొక్కకూడదు. మౌసు కుడి మీట నొక్కి, ముందు ఫైలుగా దాచుకోవాలి. తర్వాత మెయిలు ప్రోగ్రాములోనే యాడ్-ఆన్ల పేజీకి వెళ్ళి, పళ్ళచక్రం బొమ్మ కింద, ఫైలు నుంచి ఎక్కించమనాలి. అలా అడిగితే బుద్ధిగా ఎక్కింది.

ఎక్కింది గానీ బెల్లం కొట్టిన రాయిలా ఉలుకూ పలుకూ లేదు. అందరూ భోజనాలకు లేచాక అడ్వాన్స్‌డ్ సెట్టింగుల్లోకి వెళ్ళాను. ఇక్కడ చెయ్యి పెడితే ప్రోగ్రాము చెడిపోవచ్చు, ఆ ప్రమాదానికి ఒప్పుకుంటారా అని గుమ్మంలోనే అడిగింది. ఒప్పుకున్నాను. మెయిళ్ళున్న ఫోల్డరును ముందే ఇంకోచోటికి కాపీ చేసి పెట్టానులే, మరీ అంత తెలివితక్కువదాన్ని కాదు. లోపల ఎక్కడ చూసినా సెట్టింగుల వరసలే. యాడ్-ఆన్ పేరు కొట్టి వెతికితే కొన్ని మిగిలాయి. వాటిలో, వచ్చిన మెయిలును అడక్కుండా చదవాలా అన్న వరసకు ఎదురుగా ఫాల్స్ అని ఉంది. దాన్ని ట్రూ చేశాను. అయినా పలకలేదు.

అప్పుడు ట్రబుల్‌షూట్ మోడ్ గుర్తొచ్చింది. అంటే తగిలించినవాటినన్నిటినీ బయట నిలబెట్టి, ఒట్టి ప్రోగ్రామును తెరవడం. ఆపైన ఒక్కొక్కదాన్నే లోపలికి పిలుస్తూ పోయాను. ప్రతి మెయిలు అడుగునా కంపెనీ గుర్తు అతికించే యాడ్-ఆన్ ఒకటుంది. అది ఇంట్లో ఉంటే మనది నోరు విప్పదు. అత్తాకోడళ్ళ సంగతే. దాన్ని ఆపేశాను. చెవిలో గొంతు పలికింది. 'అయ్యా, మీ మోటారు కుక్కలా మొరుగుతోంది' అని మొదటి మెయిలు. అంత తియ్యటి తిట్టు నేనెప్పుడూ వినలేదు.

ఆ ట్రూ చేసిన వరసను వెనక్కి మార్చాలా వద్దా తెలియక అలాగే ఉంచేశాను. ఇప్పుడు కొత్త మెయిలు రాగానే అడక్కుండానే చదివేస్తోంది. ఒక మీట నొక్కే పని తగ్గింది. వద్దనుకుంటే ఎస్కేప్ మీట నొక్కితే నోరు మూస్తుంది.

కుర్చీ దక్కించుకున్నాను. ఇక చెప్పెయ్యి, చెప్పెయ్యి అనకు.

నీ పొట్టి

*

అక్కా, బావా,

నా గుట్టు రట్టయింది. రట్టు చేసింది మీరిద్దరే.

నిన్న పొద్దున మేనేజరమ్మ వచ్చింది. పోస్టులో వచ్చే ఫిర్యాదులను ఆవిడే తెచ్చి నా బల్లమీద పెడుతుంది. వాటిని ఇంటికి పట్టుకెళ్ళి భూతద్దంతో కుస్తీ పట్టడం నా అలవాటు. నిన్న మాత్రం కదల్లేదు. "ఇప్పుడే చూసి ఏమనాలో చెప్పండి" అని నిలబడింది. నేను కంగారుగా లేచాను. కుర్చీ చక్రం కింద ఇయర్‌ఫోను తీగ పడి, కంప్యూటరు నుంచి ఊడిపోయింది. నాకు తెలియలేదు. కాగితం పట్టుకుని చదువుతున్నట్టు నటిస్తున్నాను. సరిగ్గా అప్పుడే నీ మెయిలు వచ్చింది. అడక్కుండా చదివే ఆ గొంతు హాలంతటికీ వినబడేలా "పొట్టీ" అంది.

అందరూ తలలెత్తి ఉంటారు. కుర్చీలు కిర్రుమన్నాయి.

"చెప్పి నాకేం ఒరిగిందని అడిగావు. నేను చెప్పలేదే. నీలాగే నేనూ కళ్ళ సంగతి దాచాను" అని గొంతు సాగింది.

నా వేలు ఎస్కేప్ మీట మీదికి వెళ్ళింది. ఒక్కసారి నొక్కితే అయిపోయేది. ఏదో కథ అల్లి నవ్వేసేదాన్ని. అంతలో గొంతు, "పాఠాలన్నీ కంఠతా పట్టి, పుస్తకం చూసి చదువుతున్నట్టు నటించాను. ఒకరోజు పుస్తకాన్ని తలకిందులుగా పట్టుకున్నాను. పిల్లలు నవ్వలేదు. అదే ఇప్పటికీ మరిచిపోలేను" అంది.

అక్కా, గొంతు మిషనుదే అయినా మాట నీది. ఇన్నేళ్ళలో నువ్వు ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఒకసారి నిన్ను వాక్యం మధ్యలో ఆపారు. రెండోసారి ఆపే మనిషిని నేను కాలేను. వేలు తీసేశాను. నిండా మునిగాక చలేమిటి.

"హెడ్‌మాస్టరు వచ్చింది ఆ తర్వాతే. దొరికిపోయినదాన్ని కాబట్టి నోరు లేకపోయింది. ముందే చెప్పి ఉంటే, నా పాఠం విని, తప్పుంటేనే నన్ను తీసెయ్యండి అనేదాన్ని. నువ్వు దొంగవి కావు పొట్టీ. నీ అంతట నువ్వే చెప్పెయ్యి." ఇంతటితో నీ మాట అయిపోయింది. గొంతు మాత్రం ఆగలేదు. "కింద బావ రాస్తున్నది. మరదలా, నేనేం మింగలేదు. అక్క చెబుతూ ఏడుస్తుంటే టైపు కొట్టడం ఆలస్యమైంది, అంతే. పోయినసారి నా గొడుగు పట్టుకుపోయావు, పంపించు."

ఎవరో ఫక్కున నవ్వారు. మేనేజరమ్మ నవ్వలేదు.

"ఎప్పటినుంచి?" అని అడిగింది.

"ఏడాది దాటిందండీ."

"ముందే చెప్పొచ్చు కదమ్మా. స్టోర్సులో హాయిగా కూర్చోబెట్టేదాన్ని."

"అందుకే చెప్పలేదండీ. ఇప్పుడు చెబుతున్నాను. ఈ కాగితం నేను చదవలేను. మెయిలైతే వింటాను. నా జవాబుల్లో తప్పు చూపించి కుర్చీ మార్చండి, మారతాను. నా కళ్ళు చూపించి మార్చకండి."

ఆవిడ మొహం నాకు కనబడదు కదా. భుజాలు మాత్రం కాసేపు కదల్లేదు. తర్వాత కాగితం నా చేతిలోంచి తీసుకుని వెళ్ళిపోయింది. అది తీసుకోవడం నాకు నీ చేతిలో సుద్దముక్క తీసుకున్నట్టే అనిపించింది.

ఈ రోజు పొద్దున ఆవిడ నా బల్లదాకా వచ్చింది. కాగితం చప్పుడు వినబడింది. కాగితం బల్లమీద పెట్టకుండానే వెనక్కి తీసుకెళ్ళింది. ఇక అయిపోయిందనుకున్నాను. కాసేపటికి చెవిలో గొంతు పలికింది. "పోస్టులో వచ్చిన ఫిర్యాదును టైపు చేసి పంపుతున్నాను. ఇకనుంచి ఇలాగే పంపుతాను. దీనికి సాయంత్రంలోగా జవాబు కావాలి. ఆలస్యం చేస్తే ఊరుకోను."

ఊరుకోనంది అక్కా. జాలి అన్న మాటే లేదు. నిన్నంతా రాని ఏడుపు అప్పుడు వచ్చింది. కళ్ళు తుడుచుకుని జవాబు రాసి, సాయంత్రానికి ముందే పంపాను.

బావా, గొడుగు రేపు పంపుతాను. ఈ మెయిలుతో ఆ యాడ్-ఆన్ ఫైలు జతచేశాను. దాన్ని ఊరికే నొక్కకండి, చొక్కా చిరిగిందని అన్న గోల పెడతాడు. దాచుకుని, మీ మెయిలు ప్రోగ్రాములోంచే ఎక్కించండి. ఎక్కాక ఈ ఉత్తరాన్ని మొదటినుంచీ అక్కే వింటుంది. మీరేమైనా మింగి ఉంటే అప్పుడు బయటపడుతుంది.

అక్కా, మీటలు నేర్చుకో. వేళ్ళకు త్వరగానే వస్తాయి. ఆ రోజు క్లాసులో సగంలో ఆగిపోయిన వాక్యం నీకు గుర్తుండే ఉంటుంది. నీ వేళ్ళతో నువ్వు కొట్టే మొదటి మెయిల్లో దాన్ని పూర్తిచేసి పంపు. హాలంతా విన్నా సరే, నేను మీట నొక్కను.

నీ పొట్టి
(ఇప్పుడు హాల్లో అందరికీ పొట్టినే)